కొలనూలు పట్టుకొన్న మనిషి



తపస్సుకాలం నాలుగవ వారం మంగళవారంనాడు పూజలో మనం వినే మొదటి పఠనం యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 47వ అధ్యాయం లోనిది. దేవాలయపు గడప కిందనుంచి సన్నని ఊట పుడుతుంది. తూర్పుముఖంగా పారుతుంది. పోనుపోను ఏరవుతుంది. చివరకు ఏ జీవీ బతకని ఉప్పు సముద్రంలో పడి, ఆ సముద్రాన్నే బాగుచేస్తుంది. ఈ దర్శనాన్ని జ్ఞానస్నానానికీ, క్రీస్తునాధుని ప్రక్కలోనుంచి కారిన నీటికీ పోల్చి శ్రీసభ పితృపాదులు ఎంతో చక్కగా వివరించారు. ఆ వివరణలు మీరు చాలాసార్లు వినే ఉంటారు. ఈ వారం మిమ్మల్ని ఆ పఠనంలోనే మరొకచోట కాసేపు ఆగమని అడుగుతున్నాను.

ప్రవక్తను వెంటబెట్టుకొని నడిచే మనిషి ఒకడున్నాడు. అతని చేతిలో కొలనూలు ఉంది. వేయి మూరలు కొలుస్తాడు, ప్రవక్తను నీళ్లలోకి దిగమంటాడు: చీలమండల లోతు. మరో వేయి మూరలు కొలుస్తాడు: మోకాటి లోతు. మరో వేయి: నడుము లోతు. నాలుగోసారి కొలిచేసరికి ఈదితేగాని దాటలేని నది. అప్పుడతను అడిగే ప్రశ్న, చూశావా అని. దేవుని కృప ఎంత విస్తారమో చెప్పడానికి ఒక్క మాట చాలుగదా! అయినా దేవుని దూత నాలుగుసార్లు ఆగి, కొలిచి, మనిషిని కాళ్లు తడుపుకొనేటట్లు చేసి మరీ చూపించాడు. వేదగ్రంథంలో దేవుడు నీటిని ఊరకే పొగిడి వదిలిపెట్టలేదని నాకు ఇక్కడ అనిపిస్తుంది.

మరో సంగతి. ఆ మంగళవారపు పఠనం 9వ వచనం తరువాత 12వ వచనానికి దూకుతుంది. నవంబరు 9న లాతరను మహాదేవాలయ ప్రతిష్ఠోత్సవానికి కూడా ఇదే అధ్యాయం చదువుతాం, అక్కడ కొలిచే వచనాలు సైతం ఉండవు. కాబట్టి 10, 11 వచనాలు ఆ రెండు రోజుల్లోనూ మన చెవిన పడవు. ఏముంది వాటిలో? పదవ వచనంలో బెస్తవాళ్లున్నారు. ఎంగెదీ నుంచి ఎనెగ్లాయీము దాకా ఒడ్డున నిలబడి వలలు ఆరవేసుకొంటున్నారు. పదకొండవ వచనంలో బాగుపడని నీళ్లున్నాయి. ఆ బురదకయ్యలు, చిత్తడి మడుగులు మాత్రం ఉప్పుగానే ఉండిపోతాయంటాడు ప్రవక్త. పఠనాలు కుదించినవారికి వారి కారణాలుండవచ్చు. మన డెల్టా విచారణల్లో మాత్రం ఈ రెండు వచనాలూ ఇంటి దగ్గర బైబులు తెరిచి చదువుకోవలసినవే.

ఎందుకంటారా? మన నీళ్ల దారి ప్రవక్త చూసిన దారికి సరిగ్గా తిరగబడి ఉంది. మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు విజయవాడ మురుగును కలుపుకొని వస్తుంది. తమ్మిలేరు ఏలూరు పక్కగా వస్తుంది. పంట కాలువల మురుగు, పొలాల్లో కొట్టిన మందుల కడుగు, చెరువుల నీళ్లు, ఫ్యాక్టరీలవి, అన్నీ కొల్లేటికి చేరతాయి. కొల్లేటినుంచి సముద్రానికి ఉన్న దారి ఒక్కటే, ఉప్పుటేరు. దాదాపు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏటికి పైనుంచి తోపు ఉన్నన్నాళ్లు ఈ మురికి సముద్రానికి పోతుంది. వేసవిలో ఆ తోపు తగ్గితే సముద్రమే ఏటి వెంబడి ఎదురెక్కి వస్తుంది. అంటే మనం పంపినది మనకే తిరిగి వస్తుంది, ఉప్పు కలుపుకొని. ఈ కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. 2006లో అక్రమ చెరువుల గట్లు పేల్చారు. అప్పటి గొడవలు, బాధలు మీలో చాలామంది ఇళ్లలో ఇంకా పచ్చిగానే ఉన్నాయని నాకు తెలుసు. ఆ తగాదాలోకి నేనిప్పుడు దిగడం లేదు. నా ప్రశ్న చిన్నది. సముద్రానికి చేరుతున్న నీరు ఎలాంటిదో మనలో ఎవరికైనా తెలుసా?

కళ్లతో చూసి చెప్పడం కష్టం. తేటగా కనిపించే నీటిలో రోగక్రిములుండవచ్చు. ఎర్రగా వచ్చిన కొత్తనీటిలో మట్టి తప్ప మరేమీ ఉండకపోవచ్చు. అందుకే కొలత కావాలి. శాస్త్రజ్ఞులు ముందుగా చూసేది నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును. దాన్ని కొలిచే ఒక పాత పద్ధతి 1888లో వింక్లర్ అనే హంగేరీ రసాయన శాస్త్రజ్ఞుడు చూపించాడు. గాలిబుడగ లేకుండా సీసా నింపి రెండు మందులు చుక్కలుగా వేస్తే, ప్రాణవాయువు ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేని నీటిలో తెల్లని మడ్డి దిగుతుంది. ఆ తెల్లదనం మంచి గుర్తు కాదు సుమా! లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకు తగ్గితే చేపలకు ఇబ్బంది మొదలవుతుంది. రెండుకు తగ్గితే పారిపోగలిగినవి పారిపోతాయి, పోలేనివి చస్తాయి. రెండో కొలత బీవోడీ. నీటిలోని కుళ్లును తినడానికి సూక్ష్మజీవులు ఎంత ప్రాణవాయువు ఖర్చుపెడతాయో లెక్క. మన దేశంలో నమూనాను 27 డిగ్రీల వేడిలో మూడు రోజులుంచి ఈ లెక్క తీస్తారు. ఈత కొట్టే, స్నానాలు చేసే తీరపు నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దులు ఇవి: ప్రాణవాయువు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదు, బీవోడీ 3 మిల్లీగ్రాములకు మించరాదు, మలసంబంధమైన క్రిములు 100 మిల్లీలీటర్లలో 100కు మించరాదు.

నీటి తేటదనం కొలిచే పరికరం ఒకటుంది. దాన్ని ప్రపంచానికిచ్చినవాడు ఒక కతోలిక గురువని మీలో ఎందరికి తెలుసు? యేసుసభకు చెందిన ఆంజెలో సెక్కీ స్వామి రోమునగరంలో ఖగోళ పరిశోధనాలయాన్ని నడిపేవాడు. 1865 ఏప్రిల్ 20న, నిష్కళంక మాత పేరు పెట్టుకొన్న పోపుగారి నౌకమీద మధ్యధరా సముద్రంలోకి వెళ్లి, ఒక తెల్లని పళ్లేన్ని తాడుకు కట్టి నీటిలోకి దించాడు. ఎంత లోతున అది కంటికి కనబడకుండా పోతుందో ఆ లోతును రాసుకొన్నాడు. అంతే. ఈనాటికీ సముద్ర శాస్త్రజ్ఞులు ఆ పళ్లేన్ని వాడుతున్నారు, సెక్కీ డిస్క్ అని ఆయన పేరే చెబుతారు. నక్షత్రాలను చూసిన కంటితో నీటిని చూడడం గురుత్వానికి తగని పని అని ఆయన అనుకోలేదు.

ఈ సెక్కీ డిస్కును నేను చెప్పకముందే గుర్తుపట్టినవారు మీలో ఉన్నారు. రొయ్యల చెరువుల గట్లమీద అది ఉంటుంది. ఇక్కడ కాస్త సూటిగా మాట్లాడనివ్వండి. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువు వేసిన రైతుకు నీటిని కొలవడం ఎవరూ నేర్పనక్కరలేదు. తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోతుందని తెలుసు. చేపలు నోళ్లు పైకెత్తితే ఏరియేటర్లు వేయాలని తెలుసు. ఉప్పుశాతం, పీహెచ్, అమ్మోనియా అన్నీ నోటికి వచ్చు. సీసాలో నీళ్లు పట్టుకొని ల్యాబుకు పరుగెత్తడం తెలుసు. ఒక్కరాత్రి ఏమరితే లక్షలు పోతాయి కనుక నిద్ర మానుకొని కొలుస్తాడు. అదే చెరువు పట్టుబడి అయిన తరువాత, అడుగున కుళ్లిన మేత, రెట్ట, మందుల శేషం కలిసిన నల్లని నీటిని తూము తీసి డ్రెయినులోకి వదిలేటప్పుడు చాలాచోట్ల సీసా ఎవరూ పట్టరు. లోనికి వచ్చే నీటికి ఉన్న కొలత బయటికి పోయే నీటికి ఎందుకు లేదు? జవాబు మన అందరికీ తెలుసు. దిగువన ఉన్నవాడి నష్టం మన ఖాతాలో పడదు.

యెహెజ్కేలు 34వ అధ్యాయంలో ప్రభువు బలిసిన గొఱ్ఱెలతో మాట్లాడతాడు. మీరు తేట నీళ్లు తాగారు సరే, మిగిలిన నీళ్లను కాళ్లతో తొక్కి కలక చేయడం దేనికి, నా మందలోని బక్కవి మీరు తొక్కిన నీళ్లనే తాగవలసి వస్తున్నదే అని నిలదీస్తాడు. గమనించారా? తాగినందుకు ఆయన కోప్పడలేదు. అవి కూడా ఆ మందలోని గొఱ్ఱెలే. చెరువు వేసినవాడు పాపి అని నేననడం లేదు. ఆ రొయ్యలతోనే పిల్లల్ని చదివించారు, కొందరు అప్పుల్లో మునిగారు, గుడి పండుగలకు చందాలిచ్చారు. అయితే కాలువ చివరి ఊళ్ల దళితవాడలో మంచినీటి చెరువు నిండేది ఆ కాలువ నీళ్లతోనే. ఉప్పుటేటిలో వల వేసుకొనే కుటుంబానికి దొరికే చేప ఆ డ్రెయిను నీటిలో పెరిగినదే. ఎగువవాడూ దిగువవాడూ ఆదివారంనాడు ఒకే వరుసలో నిలబడి దివ్యసత్ప్రసాదం అందుకొంటున్నారు. చెరువుల సంగతి న్యాయస్థానం దాకా కూడా వెళ్లింది. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుమీద గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత జలచర సాగుకు ప్రత్యేక చట్టం, దానికొక ప్రాధికార సంస్థ వచ్చాయి. పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల మురుగు చెరువులకంటె తక్కువ నేరమేమీ కాదు. వాటి యజమానులు ఈ పత్రిక చదవరు, చెరువుల యజమానులు చదువుతారు. అందుకే వీరితో ఎక్కువగా మాట్లాడుతున్నాను.

కొలవకపోవడం ఒక తప్పు. కొలిచి దాచడం వేరే తప్పు, అది ఇంకా పెద్దది. జపాను దేశంలో మినమాత అనే చిన్న రేవుపట్నం ఉంది. అక్కడి చిస్సో కంపెనీ తన రసాయనాల ఫ్యాక్టరీ మురుగును సముద్రపు కయ్యలోకి వదిలేది. అందులో పాదరసం ఉంది. చేపలు తిన్న పిల్లులు గింగిరాలు తిరిగి నీళ్లలో పడి చచ్చేవి. తరువాత మనుషులకు చేతులు వణకడం, మాట తడబడడం, చూపు కుంచించుకుపోవడం మొదలయ్యాయి. 1956 మే 1న ఫ్యాక్టరీ ఆసుపత్రి పెద్ద డాక్టరు హొసొకావ హజిమె ఈ వింతరోగం సంగతి ఆరోగ్యశాఖవారికి తెలిపాడు. 1958లో కంపెనీ ఏం చేసిందంటే, మురుగు గొట్టాన్ని ఆ కయ్యనుంచి తీసి మినమాత నది మొగకు మార్చింది. నది మోసుకుపోయినంత మేరా రోగం పాకింది. 1959లో అదే డాక్టరు ఫ్యాక్టరీ మురుగును ఒక పిల్లికి తినిపించి చూశాడు. ఆ పిల్లికి అదే రోగం వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటపెట్టనివ్వలేదు. ఆ తయారీని ఆపింది 1968లో. ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకొన్నదీ ఆ సంవత్సరమే. లెక్క వేసుకోండి, నిజం తెలిసిన తరువాత తొమ్మిదేండ్లు! 1970లో కేన్సరుతో మంచం పట్టిన ఆ డాక్టరు ఆసుపత్రి పడకమీదనుంచే న్యాయస్థానానికి సాక్ష్యం చెప్పి, ఆ ఏడే కన్నుమూశాడు. 1973లో బాధితుల పక్షాన తీర్పు వచ్చింది.

అబద్ధసాక్ష్యం పలుకరాదన్న ఎనిమిదవ ఆజ్ఞను మనం నోటి అబద్ధాలకే పరిమితం చేస్తుంటాం. ఉన్నదానికీ మన బుద్ధి తలచినదానికీ పొందిక కుదరడమే సత్యమని పునీత తోమాసు అక్వినాసు చెప్పాడు, గురువిద్యాలయంలో మేము దాన్ని లాటినులో వల్లెవేసేవాళ్లం. నీటిపరీక్ష కాగితంమీది అంకె అలాంటి పొందికే. దాన్ని మార్చి రాసినా, బీరువాలో పెట్టి తాళం వేసినా, పరీక్ష చేయవలసిన రోజున చేయకుండా పాత అంకెనే మళ్లీ ఎక్కించినా అది పొరుగువానిమీద పలికిన అబద్ధసాక్ష్యమే అవుతుందని నేననుకొంటున్నాను.

ఫాదరుగారూ, ఇదంతా సర్కారువారి పని, మనకెందుకు అంటారా? సర్కారువారు బొత్తిగా చేయడం లేదనడం న్యాయం కాదు. 1974 నీటి చట్టం కింద కేంద్రానికీ రాష్ట్రాలకూ కాలుష్య నియంత్రణ మండళ్లున్నాయి, నదులమీద పరీక్షాస్థానాలున్నాయి. 1990 దశకం మొదటినుంచి కేంద్ర ప్రభుత్వం తీరపు సముద్రజలాల పరీక్షలు కూడా జరిపిస్తూ వచ్చింది. కాని నది ప్రతిరోజూ పారుతుంది, పరీక్ష ప్రతిరోజూ జరగదు. అర్ధరాత్రి వదిలిన మురుగు వారం తరువాత వచ్చిన అధికారి సీసాలో దొరకదు. అది కనబడేది రేవులో బట్టలుతికేవారికి, వేకువన వల తీసేవారికి. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛలతో, కళ్లు తిరిగి పడిపోయినప్పుడు ఏం జరిగింది? నీళ్లా, కూరగాయలా, గాలా అని తొలిరోజుల్లో తలొక మాట. రక్తంలో సీసం, నికెలు కనిపించాయన్నారు, తరువాత పురుగుమందుల వైపు వేలు చూపారు. వరసగా పట్టి ఉంచిన లెక్కల పుస్తకం చేతిలో ఉంటే ఆ వెదుకులాట ఎంత తగ్గి ఉండేది!

విచారణలో చేయదగినవి పెద్ద పనులేమీ కావు. జలజీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటిపరీక్ష నేర్పాలని నియమం ఉంది. మీ ఊళ్లో వారెవరో కనుక్కోండి. మన మరియదళం అక్కలు ఇద్దరు ముగ్గురు వారితో కూడండి. చిన్న సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచితే, మలసంబంధ క్రిములున్న నీరు నల్లబడే పరీక్ష ఒకటుంది, బడిపిల్లలు కూడా చేయగలరు. మన పాఠశాలల సైన్సు ఉపాధ్యాయులకు వింక్లర్ పద్ధతి కొత్తేమీ కాదు. ఇనుపరేకు పళ్లేనికి తెల్లరంగు వేసి తాడు కట్టి సెక్కీ స్వామి పరికరం తయారు చేసుకోవచ్చు. దానికయ్యే ఖర్చు మీ ఇంటి క్రిస్మసు నక్షత్రం ఖర్చుకు మించదు. ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, వేళ, చోటు, రంగు, వాసన, చచ్చిన చేపలుంటే ఏ రకం, ఎన్ని, ముందురోజు వాన పడిందా లేదా, అన్నీ రాయండి. మండలివారి దగ్గరున్న అంకెలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వడం వారి విధి.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉంది. ఒక్క సీసా నల్లబడగానే ఫలానావాడే చేశాడని రచ్చకెక్కకండి. పొరుగువానిమీద తెలిసీ తెలియని నింద కూడా ఎనిమిదవ ఆజ్ఞకే విరుద్ధం. మళ్లీ పట్టండి, మరోచోట పట్టండి, ఎగువన ఒకటి దిగువన ఒకటి పట్టి పోల్చండి. నల్లబడిన సీసా తీర్పు కాదు, సరైన ల్యాబులో పరీక్ష చేయించమని అడగడానికి అదొక ఆధారం. మీ పుస్తకంలో నీళ్లు బాగున్న రోజులను కూడా రాయాలి. లేకపోతే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

జ్ఞానస్నానానికి ఏ నీరు చెల్లుతుందన్న చర్చ పాత నైతికశాస్త్ర గ్రంథాల్లో పేజీలకొద్దీ ఉంది. నదినీరు, బావినీరు, సముద్రపునీరు, చివరకు మడుగునీరు కూడా చెల్లుతుంది. బురద చెల్లదు. సందేహం వస్తే, సామాన్యజనం దాన్ని నీళ్లనే అంటారా అని చూడమన్నారు ఆ పండితులు. విద్యార్థులుగా మేము ఈ చర్చలు విని నవ్వుకొనేవాళ్లం. ఇప్పుడు కాలువ చివరి ఊళ్లో బిందె ముంచిన తల్లి ముఖం చిట్లించి, ఇవి నీళ్లా అని అడిగినప్పుడు ఆ పాత ప్రమాణం చాలా బరువుగా వినిపిస్తుంది. సురక్షితమైన తాగునీరు మానవుని ప్రాథమిక హక్కు అనీ, దాన్ని పేదలకు అందకుండా చేయడం వారి బతుకు హక్కునే కాదనడమనీ పోపు ఫ్రాన్సిసు జగద్గురువులు 2015లో వెలువరించిన లౌదాతో సీ విశ్వలేఖలో బోధించారు. పాస్కా జాగరణ రాత్రి మనం నీటిని ఆశీర్వదిస్తాం. ఆ బిందెలోకి నీళ్లు ఏ కాలువనుంచి వచ్చాయో ఈసారి అడిగి తెలుసుకోండి.

ఈ తపస్సుకాలంలో మొదలుపెట్టేవారికి ఒక చిన్న సూచన, ఇది మన బెస్త సోదరులకు తెలిసినదే. ఏటి మొగ దగ్గర నీళ్లు పట్టేవారు పోటు మీద పట్టకండి, అప్పుడు మీ సీసాలోకి వచ్చేది సముద్రపు నీరే. పోటు దిగి, పాటు లాగేటప్పుడు పట్టండి. సీసాను ముందు అదే నీటితో రెండుమార్లు తొలవండి, క్రిముల పరీక్షకైతే తొలవకుండా ల్యాబువారిచ్చిన శుభ్రమైన సీసానే వాడండి. మూత నీళ్లలోనే బిగించి, నీడపట్టున ఉంచి, ఆ రోజే ఇచ్చేయండి. సీసామీద పేరు, తేదీ, వేళ పెన్సిలుతో రాయండి, సిరా నీటికి చెదురుతుంది.